పాత బస్తీకి వీపు పెట్టిన పట్టాలు

2019లో ఎర్రమంజిల్‌ను కూల్చి కొత్త అసెంబ్లీ కడతామని ప్రభుత్వం అన్నప్పుడు ఊళ్లో చాలామంది కదిలారు. కోర్టుకెక్కారు, ఫొటోలు పెట్టారు, ఫఖ్రుల్‌ముల్క్ అనే నవాబు ఎవరో అప్పటిదాకా తెలియనివాళ్లు కూడా ఆయన దివాణం గురించి మాట్లాడారు. సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. సంతోషించినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

అంతకు ఏడాది ముందు, 2018 జూలై 5న, గౌలిగూడలో ఇంకో పాత కట్టడం కూల్చేవాళ్లు లేకుండానే కూలిపోయింది. దాని లోపలి నుంచి బస్సుల్ని అప్పటికే మార్చేయబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. పేపర్లో ఫొటో పడింది. ఒకరిద్దరు చరిత్రకారులు బాధపడ్డారు. ఆ తర్వాత ఇనుము ఏరుకుపోయారు.

గౌలిగూడ బస్ స్టేషన్ తెలియనివాళ్ల కోసం: అది వంపు తిరిగిన పెద్ద ఉక్కు షెడ్డు. పేరు మిసిసిపి హ్యాంగర్. పేరులోనే ఉంది, విమానాలు నిలపడానికి అమెరికాలో తయారైన సరుకు. 1930ల మొదట్లో నిజాం ప్రభుత్వం దాన్ని విమానాల కోసమే తెప్పించి, చివరికి బస్సులకు ఇచ్చింది. 1994లో పక్కనే మూసీ మధ్యలో మహాత్మా గాంధీ బస్ స్టేషన్ వచ్చేదాకా జిల్లాల నుంచి హైదరాబాద్ దిగే ప్రతి బస్సుకూ దాదాపు అదే గమ్యం. ఆ తర్వాత సిటీ బస్సులకు మిగిలింది. మా మేనమామ కండక్టర్‌గా చేసిన రోజుల్లో దాని కిందే డ్యూటీ దిగేవాడు. షెడ్డు కూలిందని చెబితే ఆయన బాధ కంటే ముందు నవ్వాడు. "ఎండాకాలం దాని కింద కూసుంటే డబ్బాల అన్నం మల్ల ఉడికేది బిడ్డా. వానొస్తే రేకుల చప్పుడుకు మైకుల ఏం చెప్తున్నరో ఇనరాకపోయేది." తర్వాత కాసేపాగి, "అయినా అంత పెద్ద షెడ్డుల నడుమ ఒక్క కంబం లేకుండె, చూసినవా?" అన్నాడు.

ఎర్రమంజిల్‌కు దక్కిన దుఃఖం గౌలిగూడకు ఎందుకు దక్కలేదు? నవాబు కాపురమున్న ఇల్లు వారసత్వమనీ, మహబూబ్‌నగర్ నుంచి గోనె సంచితో దిగిన మనిషి నిలబడ్డ చోటు పాత సామాననీ మనకు ఎవరూ చెప్పకుండానే లోపల నాటుకుపోయింది. నా వాదన దీనికన్నా ఇంకో అడుగు ముందుకుపోతుంది. ఈ నగరంలో దారులూ పట్టాలూ వంతెనలూ ఎప్పుడు వేసినా, అవి చార్మినార్ చుట్టూ ఉన్న జనాన్ని చివరి వరసలో నిలబెట్టే వేశారు. రవాణాకు కేంద్రం పాత బస్తీ గుమ్మం దగ్గరికి వచ్చింది ఒక్క 1930లలోనే. దాన్ని కూలనిచ్చాం గనక, ఆ వరస ఎంత పాతదో కూడా మనకు గుర్తు లేదు.

అసలు ఈ ఊరు పుట్టిందే ఒక వంతెన వల్ల. గోల్కొండ కోట కిక్కిరిసిపోయాక, 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా మూసీ మీద పురానాపూల్ కట్టించాడు. చార్మినార్ వచ్చింది 1591లో. అంటే ముందు దారి, పదమూడేళ్ల తర్వాత ఊరు. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు వజ్రాలూ అద్దకపు బట్టలూ పోయే బాట మీద నాలుగు దారుల కూడలిలో చార్మినార్ లేచింది. పర్యాటక శాఖ పుస్తకాలు పురానాపూల్‌ను ప్రేమకథకు అప్పగించేశాయి, రాకుమారుడు ప్రియురాలి కోసం వరదలో గుర్రం దూకించాడని. కథ బాగానే ఉంటుంది. అంత వంతెన కట్టాలంటే ఖజానాకు మాత్రం ప్రేమకన్నా గట్టి కారణం ఉండాలి.

తర్వాతి వంతెనలు వేరే కారణాలకు వచ్చాయి. 1800ల మొదట్లో బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కోఠీలో రెసిడెన్సీ భవనం కట్టించుకున్నాక, అధికారం మూసీ ఉత్తరపు ఒడ్డుకు మకాం మార్చడం మొదలుపెట్టింది. 1806లో సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ పుట్టింది, బ్రిటిష్ దండు కోసం. 1831లో ఒలిఫాంట్ అనే ఇంజనీరు దొర చాదర్‌ఘాట్ వంతెన కట్టించాడు. రెసిడెన్సీ నుంచి నగరంలోకి సులువుగా రావడానికది పనికొచ్చింది. 1860 ప్రాంతంలో అఫ్జల్‌ గంజ్ దగ్గర నయాపూల్. రాజు దక్షిణ ఒడ్డున, రాజును అదిలించేవాడు ఉత్తర ఒడ్డున. ఈ నగరం నడక అప్పటి నుంచే ఉత్తరానికి.

రైలు వచ్చేసరికి ఈ సంగతి దాచాల్సిన పని కూడా లేకుండా పోయింది. బొంబాయి–మద్రాసు మెయిన్ లైను హైదరాబాద్‌ను తాకకుండా వాడి మీదుగా పోయింది. వాడి నుంచి నిజాం డబ్బుతో వేసిన పట్టాలు 1874 అక్టోబర్‌లో తెరుచుకున్నాయి. చేరింది సికింద్రాబాద్‌కు. కంటోన్మెంట్‌కు సైన్యం, సరంజామా తొందరగా చేరాలన్నది బ్రిటిష్ వాళ్ల అవసరం. ఖర్చు మాత్రం నిజాం ఖజానాది. నాంపల్లిలో ఉన్న హైదరాబాద్ స్టేషన్ ఈ రోజుకీ ఆ లైనుకు పక్కన మొలిచిన కొమ్మే. రైలు వచ్చి ఆగుతుంది, ముందుకు దారి లేదు, మళ్లీ వెనక్కి తిరగాలి. రాజధాని పేరు పెట్టుకున్న స్టేషన్ ఒక మొండి చివర, దండు పేరు పెట్టుకున్న స్టేషన్ జంక్షన్. కాజీపేట వైపు పోయేవాళ్లు సికింద్రాబాద్ ఎందుకు తగలాలని ఎప్పుడైనా విసుక్కుని ఉంటే, ఆ విసుగు వయసు నూటయాభై ఏళ్లు.

1883 గురించి కొంచెం తీరిగ్గా చెప్పాలి. మన స్కూలు పుస్తకాల్లో ఇది ఒక వాక్యంగానైనా ఉంటే గొప్ప. రైలును చాందా దాకా, అంటే ఇప్పటి చంద్రపూర్ దాకా పొడిగించే పథకం ఒకటి కదిలింది. లండన్‌లో కంపెనీ, పెట్టుబడికి వడ్డీ హామీ నిజాం ప్రభుత్వానిది. లాభం వస్తే కంపెనీకి, రాకపోతే రైతు కట్టిన శిస్తులోంచి. ఆ ఒప్పందంలో ఏముందో బయటపెట్టమని నగరంలో కొందరు అడిగారు. వాళ్లలో ముఖ్యులు అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం. అఘోరనాథ్ ఎడిన్‌బరోలో సైన్సు డాక్టరేటు తెచ్చుకుని వచ్చి ఇక్కడ కాలేజీ నడిపిన బెంగాలీ. సరోజినీ నాయుడు తండ్రి. ఆయన అడిగింది మరీ పెద్ద కోరికేం కాదు. ప్రజల డబ్బు మీద రాసుకున్న కాగితాలు ప్రజలకు చూపించండి, చర్చించనివ్వండి అన్నాడు. ప్రభుత్వం ఆయన్ను ఉద్యోగంలోంచి సస్పెండ్ చేసి నగరం నుంచి వెళ్లగొట్టింది. తర్వాత కొన్నాళ్లకు తిరిగి రానిచ్చారు, అది వేరే సంగతి.

హైదరాబాద్‌లో ఆధునిక అర్థంలో మొదటి ప్రజా ఉద్యమం ఏదని అడిగితే చాలామంది గ్రంథాలయోద్యమం దగ్గరో, వందేమాతరం సమ్మె దగ్గరో మొదలుపెడతారు. నేనైతే దీన్నే చెబుతాను: ఒక రైల్వే కాంట్రాక్టు కాగితాల కోసం జరిగిన గొడవ. అఘోరనాథ్ కుటుంబం ఉన్న గోల్డెన్ త్రెషోల్డ్ ఇల్లు ఆబిడ్స్ దగ్గర ఇప్పటికీ ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదట అందులోనే తెరుచుకుంది. అక్కడికి వెళ్లినవాళ్లకు కవయిత్రి గురించి చెబుతారు, చెప్పాల్సిందే. ఆ ఇంటి పెద్దను రైలు గురించి ప్రశ్న అడిగినందుకు ఊరు దాటించారన్నది కూడా ఒక బోర్డు మీద రాస్తే పోయేదేం లేదు.

1908 సెప్టెంబర్ 28 అందరికీ తెలిసిన కథే కాబట్టి తొందరగా దాటేస్తాను. మూసీ ఒక్క రోజులో వేలమందిని మింగింది. చాదర్‌ఘాట్, అఫ్జల్ (అంటే నయాపూల్), ముసల్లంజంగ్ వంతెనలు మూడూ దెబ్బతిని తెగిపోయాయి. రెండు ఒడ్డుల్నీ కలిపి నిలబడింది 1578 నాటి పురానాపూల్ ఒక్కటే. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య రావడం, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు. దక్షిణ ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ, ఎదురుగా ఉత్తర ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి. విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు చెయ్యి వీటన్నిటిలోనూ ఉంది. హైకోర్టుకు నమూనా గీసింది జైపూర్ శంకర్‌లాల్. ఆ పాతిక ముప్ఫై ఏళ్లలో నగరం మొదటిసారి నదికి అటూ ఇటూ ఎదురెదురుగా నిలబడి తన మొహం తాను చూసుకుంది. అయితే బోర్డు పేరు చెప్పి మురిసిపోయేవాళ్లు ఒకటి మరవొద్దు. ఇరుకు వాడలు తొలగించినప్పుడు పోయిన ఇళ్లు పేదవాళ్లవే.

1916లో కాచిగూడ స్టేషన్ వచ్చింది. మధ్యలో పెద్ద గుమ్మటం, పక్కన మినార్లు, పరదా పాటించే ఆడవాళ్లకు వేరే ఏర్పాటు. చూడముచ్చటైన కట్టడం, అదీ ఎష్ గారిదే. మరి దాని పట్టాలు? మీటర్ గేజి. సికింద్రాబాద్–నాంపల్లి వైపు బ్రాడ్ గేజి. ఒకే ఊళ్లో ఒక వెడల్పు బండి ఇంకో వెడల్పు పట్టా ఎక్కదు. కాచిగూడ నుంచి దక్షిణానికి పోయే లైను మలక్‌పేట, డబీర్‌పురా, యాకుత్‌పురా మీదుగా ఫలక్‌నుమా చేరుతుంది. మ్యాపులో చూడండి, గోడలున్న పాత నగరం తూర్పు అంచు పట్టుకుని జారిపోతుంది. చార్మినార్ దగ్గర బేరం చేసుకున్న మనిషి సరుకు నెత్తిన పెట్టుకుని రైలు దాకా నడవాలి.

ఇక 1930. నిజాం ప్రభుత్వం రైల్వేను కంపెనీ దగ్గర కొనేసింది. రెండేళ్లకు, 1932 జూన్‌లో, ఆ రైల్వే కిందే రోడ్డు రవాణా విభాగం మొదలైంది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. బస్సులు బ్రిటన్ నుంచి వచ్చిన ఆల్బియన్లు. ఇవాళ్టి ఆర్టీసీకి అదే మూలం. దేశంలో ప్రభుత్వం చేతిలోకి వచ్చిన మొదటి రోడ్డు రవాణాగా దాన్ని చెబుతారు. బస్సు నంబర్లలో ఉండే జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద అన్న కథ ఆటో డ్రైవర్ నుంచి మంత్రి దాకా అందరికీ తెలుసు. జెడ్ తెలిసినంతమందికి, రైలూ బస్సూ ఒకే ఆఫీసు కింద నడిచాయన్న సంగతి తెలియదు.

దీన్ని ఉదారబుద్ధి అనుకుని దండలు వేయనక్కర్లేదు. ప్రైవేటు లారీలూ బస్సులూ రైలు ఆదాయాన్ని తినేస్తుంటే దాన్ని కాపాడుకోవడానికి చేసిన పని ఇది. కారణం స్వార్థమే. అయినా ఫలితం చూడండి. రైలు పోని ఊరికి బస్సు, బస్సు తెచ్చిన మనిషికి రైలు, రెంటికీ లెక్క ఒకే పద్దులో. పోటీ పడకుండా ఒకదానికొకటి అందుకునేలా నడపాలన్న అవసరం యజమానికే ఉంది. ఆ బస్సులకు పెద్ద కేంద్రం ఎక్కడ పెట్టారు? సికింద్రాబాద్‌లో కాదు. గౌలిగూడలో, అఫ్జల్‌గంజ్ పక్కన, నయాపూల్ దాటితే పాత నగరం. నేను చెప్పే మినహాయింపు ఇదే. జిల్లాల నుంచి వచ్చినవాళ్లు దిగి ఉస్మానియా ఆస్పత్రికి నడిచి పోవచ్చు, హైకోర్టుకు నడిచి పోవచ్చు, బేగంబజార్‌లో సామాను, పత్తర్‌గట్టీలో పెళ్లిబట్టలు కొనుక్కుని సాయంత్రం బస్సుకు తిరిగి పోవచ్చు. మా అమ్మమ్మకు తెలిసిన హైదరాబాద్ అంతా ఆ రేకుల షెడ్డు చుట్టూ నడిచి తిరిగినంత మేరే. సికింద్రాబాద్ ఆమెకు వేరే ఊరు.

డబుల్ డెక్కర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మా మామ చెప్పకపోతే ఊరుకోడు. 7జెడ్ అని సికింద్రాబాద్ నుంచి జూపార్కుకు పోయేది. ట్యాంక్‌బండ్ మీదుగా వచ్చి, మూసీ దాటి బహదూర్‌పురా. "పైన ముంగట సీటు కోసం పిల్లలు కొట్టుకునేటోళ్లు. ఆళ్లను దించుడే నాకు పెద్ద డ్యూటీ," అంటాడు. 2000ల మొదట్లో డబుల్ డెక్కర్లు ఆగిపోయాయి. 2023 ఫిబ్రవరిలో కరెంటు డబుల్ డెక్కర్లు మూడు మళ్లీ వచ్చాయి. అందరం చప్పట్లు కొట్టాం. అవి హుస్సేన్ సాగర్ చుట్టూ తిప్పేవి. పాతది నది దాటేది. కొత్తది చెరువు చుట్టూ ప్రదక్షిణ చేసేది.

ఇటీవలి లెక్క చూద్దాం. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు పోయింది. నగరానికి దక్షిణాన ఉంది కాబట్టి పాత బస్తీకి కలిసొస్తుందనుకున్నారు. 2009లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ వే వేశారు, పాత నగరాన్ని పడమటి నుంచి తప్పించుకుని. 2017 నవంబర్ 29న మెట్రో మియాపూర్–నాగోల్ మధ్య మొదలైంది. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి వచ్చే లైను తెరుచుకుంది. కాగితం మీద అది ఫలక్‌నుమా దాకా పోవాలి. వచ్చి మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దగ్గర ఆగిపోయింది. దాదాపు 69 కిలోమీటర్లు కట్టినవాళ్లు నది దాటాల్సిన 5.5 కిలోమీటర్లు వదిలేశారు. ఆ లైను ఆగిన చోటికీ కూలిన షెడ్డుకూ మధ్య కూతవేటు దూరం. 2024 మార్చిలో ఆ ముక్కకు విడిగా శంకుస్థాపన జరిగింది.

ఎం.ఎం.టి.ఎస్. లోకల్ రైలు ఉంది కదా అంటారు. ఉంది. 2003లో మొదలైన ఆ బండి తర్వాత ఫలక్‌నుమాకూ వచ్చింది, 2023లో ఉందానగర్ దాకా పొడిగించారు. నా వరసకు అది అడ్డం వస్తుంది, కాదనను. కానీ అది నడిచేది ఆ పాత మీటర్ గేజి దారి మీదే, అదే తూర్పు అంచు. ఫ్లైఓవర్లు వచ్చాయి కదా అని ఇంకొకరు. వచ్చాయి. ఫ్లైఓవర్ ఆ పేటలో ఉండేవాణ్ని దించడానికి కట్టేది కాదు, ఆ పేట మీదుగా పోయేవాణ్ని ఆగకుండా దాటించడానికి కట్టేది.

గట్టి అభ్యంతరం ఇంకోటి ఉంది. గల్లీలు ఇరుకు, దారిలో మసీదులు, ఆశూర్‌ఖానాలు, గుళ్లు, వందేళ్ల దుకాణాలు. మెట్రో స్తంభాలు వేస్తే మిగిలిన పాత నగరం కూడా పోతుంది. వారసత్వం కావాలంటూనే మెట్రో ఎలా అడుగుతావని నన్ను నిలదీసిన స్నేహితురాలుంది. దారుల్‌షిఫా–శాలిబండ రోడ్డు మీద దుకాణం పోయేవాడి బాధను నేను తేలిక చేయలేను. నా జవాబు పత్తర్‌గట్టీ. సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఆ దారిని వెడల్పు చేసినప్పుడు రెండు పక్కలా రాతి కమానులతో వరసగా దుకాణాలు కట్టి ఇచ్చింది. ఇవాళ మనం ఫొటో తీసుకునే పాత బస్తీ అందంలో కొంత భాగం రోడ్డు విస్తరణే. విస్తరించినవాడు తర్వాత అక్కడ ఏం నిలబడాలో గీసుకుని మొదలుపెట్టాడు. ఇప్పుడు నష్టపరిహారం చెక్కు, సగం తెగిన గది, బయటికి వేలాడే ఇనుప చువ్వలు. తేడా డబ్బులో ఉందని నేను నమ్మను. నిజాం కాలం నాటి ఇంజనీరుకు ఆ వీధిలో నడిచే మనిషి ఎలా కనిపించాలో పట్టింపు ఉంది, దొరను మెప్పించడానికే అయినా.

ఈ లోపు ఆ వీధికి వెళ్లాల్సిన పనులు కూడా ఒక్కొక్కటీ కదిలిపోతున్నాయి. 2020 వానల్లో నీళ్లు చేరాక ఉస్మానియా పాత భవనం మూతపడింది. కొత్త ఆస్పత్రికి గోషామహల్‌లో 2025 జనవరిలో పునాది రాయి వేశారు. అది దగ్గరే, ఫరవాలేదు. హైకోర్టు రాజేంద్రనగర్ వైపు పోతోంది, 2024లో శంకుస్థాపన అయింది. వకీళ్లకు పార్కింగ్ దొరుకుతుంది. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి వాయిదాకు నడిచిపోయే మనిషి సంగతి ఎవరి ఫైలులోనూ లేదు. భవనాలు మాత్రం ఉంటాయి, వాటికి రంగులూ దీపాలూ వేస్తారు. వాటిని అక్కడ కట్టిన కారణం ఊడిపోతుంది. చూడటానికి వచ్చేవాళ్లుంటారు, పని మీద వచ్చేవాళ్లుండరు.

వారసత్వ సంఘాలవాళ్లతో నాకున్న పేచీ ఇక్కడే. హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920లో కట్టిన, సింగరేణి బొగ్గుతో నడిచిన కరెంటు కేంద్రాన్ని తీసేసి పార్కులు వేసుకున్నాం. ఊరికి వెలుగిచ్చిన కట్టడం అది. హ్యాంగర్‌ను తుప్పుకు వదిలేశాం. పోయినవి రెండూ జనం రోజూ వాడుకున్నవి. ఉన్నవాటిలో ఏది కాపాడాలో తేల్చే కమిటీల్లో ఒక్క రిటైర్డ్ మెకానిక్‌నో, కండక్టర్‌నో కూర్చోబెడితే జాబితా మారుతుందని నా అనుమానం. 1932 నాటి ఆల్బియన్ బస్సు ఒకటి ఇంకా ఉంది, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో బస్ భవన్ దగ్గర. దాన్ని గౌలిగూడకు తేవాలి. షెడ్డు పోయిన ఆ నేలలో కొంత ముక్కైనా వదిలి, రైలూ బస్సూ ఒకే చేతికింద నడిచిన కాలం గురించి అక్కడ చెప్పాలి. పక్కనే మెట్రో, జిల్లా బస్సు, సిటీ బస్సు మూడూ కలిసే చోటు ఉంది. మూడింటికీ ఒకటే టికెట్ పెట్టడానికి అంతకన్నా తగిన స్థలం లేదు.

పాత బస్తీ మెట్రో దగ్గరికొస్తే నేను అడిగేది 1883లో అడిగినదే. స్టేషన్లు ఎక్కడ దించుతాయి, ఏ దుకాణం పోతుంది, పోయిన చోట ఏం లేస్తుంది, అప్పు ఎవరిది, వడ్డీ ఎవరు కడతారు. ఆ కాగితాలూ నమూనాలూ తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చేసి దారుల్‌షిఫాలో, శాలిబండలో, ఫలక్‌నుమాలో గోడల మీద అంటించాలి. వెబ్‌సైటులో పెట్టాం అంటే కుదరదు. ఈసారి అడిగినవాళ్లను ఊరు దాటించే వీలు లేదు కాబట్టి జవాబు చెప్పడమే తేలిక.